పెన్సిల్‌తో మాత్రమే

జూన్ 4

మరదలు మహారాణిగారికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క చెయ్యి తప్ప. ఆ చెయ్యి మీ అన్నయ్యది. ఇరవై అంతస్తుల భవనాల్లో లిఫ్టు తాళ్ళ మధ్య వేలాడుతూ పనిచేసే మనిషికి ఇన్నేళ్ళలో గోరు కూడా విరగలేదు. మొన్న వంటింట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కి కింద పడ్డాడు. మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి, ఆరు వారాలు పనికి వెళ్ళొద్దన్నారు. అంటే శిక్ష ఆయనకి కాదు, నాకు. పొద్దున లేచింది మొదలు చెంచాతో తింటూ, నేను కూర తరిగే పద్ధతి మీద సలహాలిస్తున్నాడు. నువ్వు ఎలాగూ అడగవు కాబట్టి అడక్కుండానే చెప్పేశాను.

అసలు సంగతికి వస్తాను. మన చదువుల గుంపులో ఈ ఏటి పుస్తకం బయల్దేరింది. అట్టా లేదు, మొదటి పేజీ లేదు, పేరేమిటో రాసిందెవరో దేవుడికే తెలియాలి. తండ్రి పోయాక ఆయన ఫోటో స్టూడియో మూసేసిన పెద్దకొడుకు కథ. మరీ లావుగా ఉందని నాలుగు భాగాలుగా విడదీసి నేనే కుట్టాను. జెరాక్సు షాపులో రోజంతా ఎవరెవరివో మార్కుల లిస్టులు కుట్టే చేతులకి ఇదొక పండగ. ఒక్కొక్కరూ చదివి నాకే తిరిగి ఇస్తారు, నేను ఇంట్లో జిగురు సరిచేసి ఇంకొకరికి ఇస్తాను. పోస్టులో పంపాలి కాబట్టి నువ్వెప్పుడూ ఆఖరే. మొదటి భాగం దీంతోపాటు పంపుతున్నాను.

ఏటా నువ్వు రూల్సు తప్పుతావు కనుక ఏటా రాస్తున్నాను. అంచుల్లో ఏం తోస్తే అది రాయొచ్చు. పెన్సిల్‌తో మాత్రమే, ఎందుకంటే మనసు మార్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పేరు రాయకూడదు. రాసిందెవరని అడగకూడదు. అక్టోబరు ఇరవై ఆరు ఆదివారం షాపు షట్టరు సగం దించి కూర్చున్నప్పుడు, ఎవరు రాసింది వాళ్ళే ఒప్పుకుంటారు.

ఈసారైనా నువ్వు రావాలి. మూడేళ్ళుగా నీ కుర్చీలో లెక్కల టీచరమ్మ తన సంచీ పెట్టుకుంటోంది. ఆ సంచీ కన్నా నువ్వు మాకు ఎక్కువే.

ఉన్న ఒక్కగానొక్క వదిన


జూన్ 19

వదినా,

మీ ఆయన చెయ్యి విరిగిందని తెలిసింది. నేను పనిచేసే ఆస్పత్రి లాబులో రోజుకి నలభైమంది నెత్తురు చూస్తాను. విరిగినవన్నీ అతుక్కుంటాయి, కంగారుపడకు. ఇంతకు మించి అడగను.

అక్టోబరుకి రాను. రావాలనే ఉంటుంది, కానీ వస్తే మీ ఇంట్లోనే దిగాలి. నాన్న పోయిన నాలుగు నెలలకి నేను వచ్చేసరికి ఆయన పాత పుస్తకాల కొట్టు ఖాళీ. ఒక్క పుస్తకం లేదు. చెల్లెల్ని ఒక్క మాట అడక్కుండా మొత్తం తూకానికి వేసిన మనిషి ఉన్న గడప నేను తొక్కనన్నాను. అన్నమాట మీదే ఉన్నాను. నాన్న ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ పెట్టేవాడు, గుర్తుందా? కొట్టుకి పుస్తకం రాగానే, ఇది ఫలానావాళ్ళు చదవాలని చీటీ మీద రాసి లోపల పెట్టి, ఆ మనిషి ఎప్పుడొస్తాడా అని చూసేవాడు. ఆ చీటీలు కూడా తూకంలో పోయాయి. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

సరే, అది వదిలెయ్. మన గుంపులోకి కొత్తవాళ్ళెవరు వచ్చారు? నలభై ఒకటో పేజీలో పెద్దకొడుకు స్టూడియో తలుపు మూస్తాడు కదా. పక్కన టీచరమ్మ "దుర్మార్గుడు" అని రాసింది. ఆవిడ చేతిరాత గుండ్రం చూస్తేనే తెలుస్తుంది. దాని కింద ఎవరో ఒకటో తరగతి పిల్లాడిలా వంకరటింకర అక్షరాలతో రాశారు: "తొందరపడకండి. తలుపు మూసినవాడు లోపల ఏం చేశాడో ఇంకా చెప్పలేదు కదా." పైగా ఆ పేజీ అంతా పెన్సిల్ మసి అలికేశారు. నాకు ఒళ్ళు మండి, "చెప్పక్కర్లేదు. మూశాడు, అంతే" అని కింద రాశాను. ఆ భాగం దీంతోపాటే తిరిగి పంపుతున్నాను.

ఎవరా వంకర మహానుభావుడు? అడగకూడదని తెలుసు. అందుకే గట్టిగా అడగడం లేదు, చెవిలో అడుగుతున్నాను.

నీ మరదలు


జూలై 6

కోపాల మరదలికి,

కొత్తవాళ్ళెవరూ రాలేదు. మనం అయిదుగురమే: నేను, నువ్వు, టీచరమ్మ, కంపౌండరు, వాచీలు బాగుచేసే బాబాయిగారు. అయిదుగురి రాతా నాకు కొట్టిన పిండి. ఈ ఆరో రాత చూసి నేనూ తెల్లబోయాను.

రెండో భాగం పంపుతున్నాను. అందులో నీకు ప్రత్యేకంగా ఒక జవాబుంది, అరవై ఎనిమిదో పేజీ చూడు. నీ మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషి ఈ మధ్య కాలంలో ఎవరూ లేరు. గొడవతో మొదలైన సంబంధాలే గట్టిగా నిలుస్తాయని పెద్దలంటారు. వయసెంతో, ఉద్యోగమేమిటో కనుక్కోమంటావా? వంకర అక్షరాలకి వంక పెట్టకు, మనసు తిన్నగా ఉంటే చాలు.

నాకు మాత్రం బాబాయిగారి మీద అనుమానంగా ఉంది. ఎదుటపడితే ఎవరి మాటకీ అడ్డుచెప్పరు. అలాంటి నెమ్మదస్తులే కాగితం దొరికితే విజృంభిస్తారు. పైగా ఈ మధ్య ఆయన చెయ్యి కాస్త వణుకుతోంది. అక్షరాలు వంకరపోవా మరి?

మీ అన్నయ్య గురించి అడగలేదు కనుక చెబుతున్నాను. పనిలేక పిచ్చెక్కిపోతున్నాడు. నిన్న పప్పుల డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. ఇప్పుడు పప్పు ఎక్కడుందో ఆయనకే తెలుసు.

ఇట్లు, సంబంధాల పేరయ్య


జూలై 20

వదినా,

సంబంధం సంగతి పక్కన పెట్టి, చెప్పేది విను. అరవై ఎనిమిదో పేజీలో నీ వంకర పెళ్ళికొడుకు ఏం రాశాడో తెలుసా? "మూశాడు, అంతే అన్నవారికి. అడక్కుండానే తీర్పు చెప్పేసే జడ్జిని మొదటిసారి చూస్తున్నాను."

అది చదివి పుస్తకం మూసేశాను. లాబుకి వెళ్ళాను, తిరిగి వచ్చాను, వంట చేశాను. చేస్తున్నంతసేపూ నోట్లో జవాబులు నములుతూనే ఉన్నాను. చివరికి, "అడిగితే చెప్పడానికి ఎదుటివాడికి నోరుండాలి" అని రాశాను. పెన్సిల్ ములుకు విరిగింది. ఇంకోటి చెక్కి చుక్క పెట్టాను.

నిజం చెప్పనా? ఇంత హుషారుగా నేను ఎవరితోనూ పోట్లాడి చాలా కాలమైంది. ఇక్కడ అందరూ మర్యాదస్తులు. ఏమన్నా తల ఊపుతారు. మా లాబులో పుస్తకం చదివే మనిషి ఒక్కరూ లేరు, మందుల డబ్బా మీది అక్షరాలు తప్ప. ఒక్కోసారి పుస్తకం కన్నా ముందు అంచులే చదువుతున్నాను.

ఇంకో మాట, ఊరికే అడుగుతున్నాను. మీ ఆయనకి విరిగింది ఏ చెయ్యి?

నీ మరదలు


ఆగస్టు 11

మరదలా,

విరిగింది కుడి చెయ్యి. ఇన్నాళ్ళకి గుర్తొచ్చాడా అన్నయ్య? కట్టు తీసేసి మూడు వారాలైంది. మళ్ళీ లిఫ్టుల్లో పడ్డాడు, నా వంటిల్లు నాకు దక్కింది. కానీ ఈ ఉత్తరం నవ్వుతూ రాయడం లేదు.

నేనొక వెధవ పని చేశాను. మొన్న ఆదివారం నలుగురం షాపులో కూర్చున్నాం. కబుర్ల మధ్యలో మూడో భాగంలో కూడా వంకర రాత కనబడింది. నా నోరు ఊరుకుంటుందా? అందరి ముందూ, "బాబాయిగారూ, దొంగ దొరికాడు. మీ చెయ్యి వణుకుతోంది కదా, అందుకే అక్షరాలు అలా అయ్యాయి, ఒప్పేసుకోండి" అన్నాను. తమాషాకే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చెప్పులు వేసుకుని షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయారు.

టీచరమ్మ నా వైపు చూసిన చూపు నువ్వు చూడలేదు. వాచీల పనివాడికి చెయ్యి వణుకుతోందని నలుగురిలో అంటారా అంది. ఆ మాట బజారంతా పాకితే వాచీ ఎవరిస్తారు ఆయనకి? నాకు అప్పుడు వెలిగింది. రూలు పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే. కంపౌండరు కూడా ఇక రానంటున్నాడు. అడగకూడనిది అడిగే చోట మనసులో మాట ఎవరు రాస్తారు అన్నాడు. ఆ మాటా నిజమే. ఇరవై రెండేళ్ళ గుంపు నా నోటి దురద వల్ల చెదిరిపోయేలా ఉంది.

మూడో భాగం పంపుతున్నాను. ఇదే ఆఖరేమో తెలియదు.

సిగ్గుతో, వదిన


ఆగస్టు 19

వదినా,

ముందు కళ్ళు తుడుచుకో. తరవాత చెప్పులు వేసుకో. తిన్నగా బాబాయిగారి కొట్టుకి వెళ్ళి, అందరి ముందూ అన్నదానికి అందరికీ వినబడేలా తప్పయిందని చెప్పు. అడుసు తొక్కిన కాలు కడుక్కోవలసిందే, ఆలస్యమైతే ఎండిపోతుంది.

రాసింది ఆయన కాదు. నాకెలా తెలుసని అడక్కు. అడగకూడదని రూలుంది కదా.

మూడో భాగంలో వంకరాయన మిగతావాళ్ళకి జవాబులిచ్చారు కానీ, నాకేమీ రాయలేదు. ఒక్క చోట మాత్రం, పెద్దకొడుకు తండ్రి తీసిన ఫోటోలన్నీ పెట్టెలో పెట్టుకుని ఊరంతా తిరిగే పేజీలో, గీత గీసి వదిలేశారు. గీత చివర మసి.  కింద నేనూ ఏమీ రాయలేదు. 

వెళ్ళావా లేదా రాయి.

నీ మరదలు


సెప్టెంబరు 14

మరదలా,

వెళ్ళాను. ఇది పొడుగు ఉత్తరం, కుర్చీ వేసుకుని చదువు.

బాబాయిగారు కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరిదో పాత గోడగడియారం విప్పుతున్నారు. కొట్టు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళందరికీ వినబడేలాగే, "బాబాయిగారూ, మొన్న తప్పు వాగాను, క్షమించండి" అన్నాను. ఆయన తలెత్తలేదు. ముగ్గురినీ పంపించాక భూతద్దం తీశారు.

"వణికే మాట అబద్ధం కాదమ్మాయ్. అందుకే నేను ఆరు నెలల్నించి అంచుల్లో ఏమీ రాయడం లేదు. నీకు అయిదు రాతలూ కొట్టిన పిండి అంటావు, నా రాత లేదని గమనించావా?"

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే మళ్ళీ, "నేను మాత్రం ఈ గుంపు ఎలా మానేస్తాను? నన్ను మళ్ళీ చదువుల్లో పడేసింది మీ ఇంటాయనే కదా" అన్నారు.

"మా ఇంటాయనా? పుస్తకం కనబడితే దానిమీద టీ గ్లాసు పెట్టే మా ఆయనా?"

ఆయన సొరుగు లాగి ఒక పుస్తకం తీశారు. లోపల ఒక చీటీ. మామయ్యగారి చేతిరాత! "వాచీలాయనకి. తొందరలేదు, తీరిక చిక్కినప్పుడు" అని ఉంది. "మీ మామగారు పోయిన ఏడాదికి మీ ఆయన తెచ్చిచ్చాడు. నాన్నగారు పంపారు అన్నాడు. నాకు మతి పోయిందా ఇతనికి పోయిందా అనుకున్నాను. లోపల చీటీ చూశాక ఆ రాత్రే చదవడం మొదలెట్టాను. ఎదుటి మేడలో మూడో అంతస్తు ముసలావిడకి రెండిచ్చాడు. అదే మేడ వాచ్‌మన్‌కి ఒకటి. నీకు తెలియదా?"

నాకు తెలియదు మరదలా. కొట్టు ముందు బండిలో వెళ్ళిన కట్టలు నేను నా కళ్ళతో చూశాను. అవి పాత పేపర్లట, చెక్క అరలట. అంతే.

ఇంటికి వచ్చాను. మీ అన్నయ్య అప్పుడే పనినుంచి వచ్చి చేతులు కడుక్కోబోతున్నాడు. విరిగింది ఏ చెయ్యని నువ్వు అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చి, ఎడమ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. చిటికెన వేలి పక్క నుంచి మణికట్టు దాకా పెన్సిల్ మసి. లిఫ్టు గ్రీజు నాకు తెలుసు, పాతికేళ్ళుగా ఉతుకుతున్నాను. అది గ్రీజు కాదు. కుడి చెయ్యి కట్టులో ఉన్నప్పుడు పనిలేక పుస్తకం తీశాడట. ఎడమ చేత్తో రాశాడట, రాసినదాని మీదే చెయ్యి పాకి మసి అలుక్కుపోయిందట. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పాపం బాబాయిగారిని అన్ని మాటలన్నాను!

"కట్టు తీశాక కూడా ఎడమ చేత్తో ఎందుకు రాశావు?" అన్నాను.

"కుడి చేత్తో రాస్తే పోట్లాడటం మానేస్తుంది" అన్నాడు.

మర్నాడు నన్ను మామయ్యగారి కొట్టు ఉండే పాత మేడకి తీసుకెళ్ళాడు. పైన లిఫ్టు మిషను ఉండే గది. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. కొట్టు అద్దెకిచ్చినాయన వారంలో ఖాళీ చెయ్యమంటే, పుస్తకాలన్నీ రాత్రికి రాత్రి ఆ గదిలోకి చేర్చాడట. అప్పట్నించి ఏ మేడకి లిఫ్టు చూడ్డానికి వెళ్ళినా, ఆ మేడలో ఎవరి పేరు చీటీలో ఉంటే వాళ్ళ పుస్తకం సంచీలో వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. నువ్వు వచ్చి అరిచిన రోజు పుస్తకాలు మొత్తం ఆ గదిలోనే ఉన్నాయి.

"మరి చెప్పొచ్చు కదా!" అని నేను అరిచాను.

"అడిగిందా? తూకానికి వేశావు అంది, వెళ్ళిపోయింది. అయినా నాన్న అన్ని చీటీలు రాసుకున్నాడు, అన్నింటిలోనూ జనం పేర్లే. ఈ పని నువ్వు చెయ్యరా అని నాకు ఒక్క ముక్క రాసిపెట్టలేదు. నా అంతట నేనే చేశాను. చెల్లెల్ని రుజువులు చూపించి ఒప్పించాలా?"

మీ ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కాకపోతే ఇద్దరిదీ ఒకే కుందేలు.

ఇప్పుడు గదిలో అరలన్నీ ఖాళీ. ఒక్క అరలో పదకొండు పుస్తకాలు మిగిలాయి. దుమ్ము లేదు, ఎవరో తుడుస్తున్నట్టున్నారు. పదకొండింటిలోనూ ఒకే చీటీ: "పొట్టిదానికి." ఆ పేరుతో నిన్ను ఎవరు పిలిచేవారో నేను చెప్పక్కర్లేదు. అవి పోస్టులో పంపుతానన్నాను. వద్దన్నాడు. చీటీలు ఉన్నవాళ్ళకి చేతికే ఇచ్చాడట ఇప్పటిదాకా.

నాలుగో భాగం పంపుతున్నాను. చివరి పేజీ నేను చూడలేదు. చూడొద్దని ఆయన అన్నాడు. జీవితంలో మొదటిసారి మాట విన్నాను.

బాబాయిగారు వచ్చే ఆదివారం వస్తానన్నారు. ఆయన చెబుతూ ఉంటే ఇకనుంచి ఆయన మాటలు టీచరమ్మ అంచుల్లో రాస్తుంది.

నీ వదిన


అక్టోబరు 2

వదినా,

నీ ఉత్తరం లాబులో చదివాను. అది తప్పు. నెత్తురు సీసా చేతిలో పట్టుకుని ఏడ్చే మనిషిని చూసి రోగి భయపడిపోయాడు. తనకేదో పెద్ద జబ్బా అని రెండుసార్లు అడిగాడు. మీ నెత్తురు బంగారంలా ఉందండీ అని చెప్పి పంపాను.

నీకొకటి ఒప్పుకోవాలి. విరిగింది కుడి చెయ్యి అని నువ్వు రాసిన రోజే నాకు తెలిసిపోయింది. తెలియనట్టే ఉన్నాను. తెలిసిందంటే పోట్లాట ఆపాలి, ఆపితే మూడేళ్ళ తరవాత దొరికిన ఆ నాలుగు మాటలూ పోతాయి. అన్నయ్యా నేనూ ఒకే దొంగతనం చేశాం. నేను నోరు విప్పి ఉంటే బాబాయిగారికి ఆ అవమానం జరిగేది కాదేమోనని లెక్కవేసి చూశాను. నీ ఉత్తరం వచ్చేసరికే జరిగిపోయింది. అయినా నా వంతు క్షమాపణ ఆయనకి నేనే వచ్చి చెబుతాను. నువ్వేమో ఈ మధ్యలో నా సొంత అన్నతో నాకు సంబంధం చూడబోయావు. ఇది నేను చచ్చేదాకా మర్చిపోను, నిన్ను మర్చిపోనివ్వను.

కానీ పుస్తకాల సంగతి నాకు తెలియదు వదినా. ఒట్టు. తూకానికి వేశావు అన్నానే, ఆ మాట అన్నప్పుడు ఆయన జేబులో ఆ గది తాళంచెవి ఉండి ఉంటుంది కదా. అది తలుచుకుంటే నా నోరు నాకే అసహ్యంగా ఉంది. ఒక్కమాట, "పుస్తకాలేవి అన్నయ్యా?" అని అడిగి ఉంటే చాలు. నాన్న పోయిన బాధంతా తీసుకెళ్ళి ఎదురుగా దొరికినవాడి మీద పోశాను.

నాలుగో భాగం చదివాను. కథలో పెద్దకొడుకు చివరికి ఏమయ్యాడో నాకు గుర్తు కూడా లేదు. చివరి పేజీ అడుగున వంకర అక్షరాలు ఇలా ఉన్నాయి: "చదవాల్సిన మనిషి రాకపోతే పుస్తకం ఎన్నాళ్ళు ఆగాలి?"

ఈ పార్సిలు నువ్వు విప్పొద్దు. జిగురు తరవాత సరిచేసుకోవచ్చు. తిన్నగా అన్నయ్య చేతిలో పెట్టు. ఆ ప్రశ్న కింద జవాబు రాశాను: "ఇరవై అయిదో తారీఖు పొద్దుటి బండి దాకా. అన్నయ్యా, స్టేషనుకి నువ్వే రా."

టీచరమ్మని నా కుర్చీలోంచి సంచీ తీయమను. రూలు తప్పానని మీరంతా తిడతారని తెలుసు, తిట్టండి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాశాను.

మీ ఇద్దరి పొట్టిది